మెట్టతాబేలునకు స్నానము

మన దేశమున బాలురకు మొట్టమొదట పరిచయమగు జంతువులలో తాబేలొకటి. కుందేలును పందెమున గెలిచిన తాబేలు కథయు, హంసలతో ఎగురుచు నోరు తెరచి నేలగూలిన తాబేలు కథయు ఎరుగని విద్యార్థి యుండడు. అయినను ఈ జంతువు కథలలో మనకెంత పరిచితమో, నిజజీవితమున అంత అపరిచితము. తాబేలనగా నీటిలో నుండునదే యను భావము మన మనస్సులలో గట్టిగా నాటుకొనియున్నది. ఆ యొక్క పొరపాటువలన మా వసతిగృహమున ఒక ప్రాణము పోయినది. అట్టిది మరల జరుగకుండవలెనను కోరికతో ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఒక యేడు ముంగారు వాన కురిసిన మరునాటి సాయంకాలమున వసతిగృహపు బాలురు కొందరు గుట్టవైపు షికారు వెళ్లిరి. తిరిగి వచ్చునపుడు బండిబాట ప్రక్కన తంగేడు పొదలచెంత జానెడు పొడవుగల తాబేలొకటి వారికి కనబడెను. నల్లని డిప్పపై పసుపుపచ్చని చారలు నక్షత్రములవలె విరిసియుండెను. దాని యందమునకు ముచ్చటపడి బాలురు దానిని చొక్కాలో చుట్టి తెచ్చిరి. ఎత్తినతోడనే అది చొక్కానంతయు తడిపినదని చెప్పి నవ్వుకొనిరి. వసతిగృహమునకు రాగానే మన్నంతయు పోవునట్లు సబ్బుతో తోమి, స్నానముల గదియొద్ద నున్న సిమెంటు తొట్టిలో విడిచిరి. తొట్టిలో మోకాలిలోతు నీరుండెను. రాత్రియంతయు అది హాయిగా ఈదులాడునని తలచి అందరును నిద్రించిరి. తెల్లవారి చూడగా తాబేలు తొట్టి యడుగున కదలక పడియుండెను.

ఆ సమయమున ఆవరణ ప్రక్కగా మందను తోలుకొని పోవుచున్న ముసలి గొర్రెలకాపరి యొకడు బాలుర గుంపును చూచి దగ్గరకు వచ్చెను. తాబేలును చేత పట్టుకొని, “ఇది చెరువు తాబేలు గాదు గదప్పా, గుట్ట తాబేలు. నీళ్లల్లో ఎందుకేస్తిరి నాయనా?” అనెను. ఆ ప్రశ్నకు మాయొద్ద బదులు లేకపోయెను. బాలురు చింతచెట్టు క్రింద గుంట త్రవ్వి దానిని పూడ్చిపెట్టిరి. ఆ దినమున పలువురు సరిగా అన్నము తినలేదు. వారు దానిని చెడ్డతనముచేత చంపలేదు, ప్రేమచేతనే చంపిరి. ఆ ప్రేమకు తోడుగా ఉండవలసిన తెలివి మాత్రము లోపించినది. పిల్లలకు దానిని నేర్పవలసిన మేమును నేర్పియుండలేదు.

మన సీమలో కనబడు తాబేళ్లను ముఖ్యముగా రెండు తెగలుగా చెప్పుకొనవచ్చును. మొదటిది నీటి తాబేలు. ఇది చెరువులలోను, కుంటలలోను, కాలువలలోను వసించును. దీని డిప్ప కొంత పలుచగా నుండును. కాలివ్రేళ్ల నడుమ బాతుకాలికి వలె చర్మముండును. చెరువెండినప్పుడు ఇది బురదలో దూరి మరల వాన వచ్చువరకు ఓర్చుకొని యుండగలదు. రెండవది నేలమీద తిరుగు మెట్టతాబేలు. దీనినే నక్షత్రపు తాబేలనియు నందురు. దీని డిప్ప గోపురమువలె ఎత్తుగా నుండును. కాళ్లు ఏనుగు కాళ్లవలె గుండ్రముగా, మొద్దుగా నుండును. వ్రేళ్ల నడుమ చర్మముండదు. అట్టి కాళ్లు రాళ్లపై నడచుటకు తగినవిగాని నీటిని త్రోయుటకు తగినవి కావు. కావున లోతునీటిలో పడిన మెట్టతాబేలు కొంతసేపు కొట్టుకొని, అలసి, మునిగిపోవును. జీవి ఏ చోటికై పుట్టినదో దాని కాలు చూచిన తెలియును. తాబేలును చూచినప్పుడు మొదట దాని కాళ్లను చూడుడని మేమిప్పుడు ప్రతి తరగతిలోను చెప్పుచున్నాము.

ఈ నక్షత్రపు తాబేలు మన దక్షిణదేశపు మెట్టలయందును, గుజరాతు రాజస్థానముల పొడినేలలయందును, వాని కానుకొనియున్న పాకిస్తాను భాగమునను, సింహళద్వీపమునను నివసించును. గడ్డి, ఆకులు, పూలు, రాలిన పండ్లు దీనికి ముఖ్యాహారము. అనంతపురపు పీఠభూమివంటి చోటు దీనికి పుట్టినిల్లు. నైరృతి ఋతుపవనములు తెచ్చు మేఘములను పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్య ఋతుపవనములు తూర్పుతీరమునుండి ఇంతదూరము వచ్చునప్పటికి బలహీనపడును. అందుచేత ఇచ్చట ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియును. పెన్న, చిత్రావతి, హగరి నదులు ఏడాదిలో పెక్కు నెలలు ఇసుకబాటలై యుండును. మనుష్యులు వేరుసెనగ విత్తుటకు ఆకాశమువైపు చూచునట్లే ఈ తాబేలును నీటికై వానవైపే చూచుచుండును. వేసవిలో పొదలక్రింద, గడ్డిదుబ్బుల నడుమ కదలక పడియుండి, తొలివాన పడినతోడనే బయటికి వచ్చును. బండలపై గుంటలలో నిలిచిన నీటిలో తల వంచి కడుపార త్రాగును.

ఇచ్చట గమనింపదగిన విషయమొకటి కలదు. తాబేలు మూత్రాశయము కేవలము వ్యర్థద్రవమును బయటికి పంపు సంచి కాదు. అది దానికి చెరువువంటిది. వాననాడు త్రాగిన నీటిని అందు నిలువజేసికొని, ఎండకాలమున దానిని మరల దేహమునకు వాడుకొనును. నీరు వృథాగా పోకుండుటకై దేహపు మలినములను తెల్లని సున్నపుముద్దవంటి పదార్థముగా మార్చి విసర్జించును. నీరు మిక్కిలి కొరతపడెనేని ఆ పదార్థమే లోపల గట్టిపడి రాళ్లగును. మనము తాబేలును హఠాత్తుగా ఎత్తినప్పుడు అది భయముచేత ఆ నీటినంతయు విడిచివేయును. అమెరికా దేశపు మోజావీ ఎడారిలో నివసించు తాబేళ్ల విషయమున ఈ సంగతి బాగుగా తెలిసియున్నది. అచ్చట త్రోవన పోవువారు తాబేలును ముట్టరాదనియు, నిలువ నీటిని కోల్పోయిన తాబేలు వేసవిని దాటజాలక మరణింపవచ్చుననియు హెచ్చరికలు చేయుచుందురు. మా బాలుర చొక్కాను తడిపినది నవ్వవలసిన వస్తువు కాదు. అది ఆ ప్రాణి దాచుకొనిన నీరు.

ఇంతవరకు చదివినవారు, “అట్లయిన తాబేలునకు స్నానమే కూడదా?” యని ప్రశ్నింపవచ్చును. కూడదని మేము చెప్పము. పాము, బల్లి, ఉడుము, తాబేలు మున్నగు ప్రాకెడు జంతువుల స్నానమునకును మన స్నానమునకును ప్రయోజనమే వేరు. మనకు చెమట పట్టును; చెమటతో దుమ్ము చేరును; అందుచేత సబ్బు కావలెను. వాని చర్మము పొడిగా, పొలుసులతో నుండును, చెమట పట్టదు. కావున వానికి స్నానమనగా శుభ్రత కంటె ముఖ్యముగా నీరు త్రాగుట, ఎండిన దేహమును సేదదీర్చుకొనుట, కుబుసము విడుచు జాతులలో పాతచర్మము మెత్తబడుట. దొంగవర్తకుల మూటలనుండి విడిపింపబడిన తాబేళ్లు చాల దినములు నీరులేక శుష్కించి యుండును. అట్టివానిని కాపాడు చోట్ల పశువైద్యులు చేయు మొదటి చికిత్సలలో ఈ స్నానమొకటి. సరిగా చేసిన ప్రాణము నిలుపును. తప్పుగా చేసిన ప్రాణము తీయును.

సరియైన పద్ధతి యిది. తాబేలు తిరుగుటకు చాలునంత వెడల్పుగల లోతు లేని పాత్రను తీసికొనవలెను. దాని యడుగు జారుడుగా నుండరాదు. ఆ పాత్రను మరల వంటకుగాని, మనుష్యుల స్నానమునకుగాని వాడరాదు. నీరు తాబేలు పై డిప్పయు క్రింది డిప్పయు కలిసికొను చోటివరకే యుండవలెను. తల చాపి నిలిచినప్పుడు గడ్డము నీటికి పైననే యుండవలెను. అరచేతి పరిమాణముగల తాబేలునకు ఒకటి రెండు వ్రేళ్లమందము నీరు చాలును. నీరు గోరువెచ్చగా, అనగా సుమారు 30 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమితో నుండవలెను. ఉష్ణమాపకము లేనివారు మోచేతిని ముంచి చూచిన చాలును. వేడియు చలియు తోపనిదే తగిన నీరు. పదునైదు మొదలు ఇరువది నిమిషములకు మించి ఉంచనక్కరలేదు. ఆ కాలమంతయు మనిషి దగ్గరనే యుండవలెను. చిన్న తాబేలు బోర్లపడెనేని రెండంగుళముల నీటిలోనైనను మునిగిపోగలదు.

వేడిమి విషయమున ఇంత జాగ్రత్త ఏలయనగా, ఈ జంతువులు తమ దేహపు వేడిని తామే పుట్టించుకొనజాలవు. చుట్టునున్న గాలి, నేల, నీరు ఎంత వేడిగా నుండునో వాని దేహమును ఇంచుమించుగా అంతే యగును. చన్నీటిలో నుంచిన జీర్ణశక్తి మందగించును. ఊపిరితిత్తులకు జబ్బు తగులును. తాబేలునకు మనవలె బలముగా దగ్గి ఊపిరిత్రోవను శుభ్రపరచుకొను శక్తి లేదు. కావున ఆ జబ్బు ఒకసారి పట్టినచో సులభముగా వదలదు. ఇట్లని స్నానపు పళ్లెమును మన సీమ ఎండలో నుంచుటయు ప్రమాదమే. ఏప్రిలు, మే నెలలలో 40 డిగ్రీలు దాటు ఎండలో రేకుపళ్లెములోని కొంచెము నీరు కొద్దిసేపటిలోనే కాగిపోవును. కాబట్టి ఉదయమున, నీడలో స్నానము చేయించి, పిమ్మట మెత్తని గుడ్డతో అద్ది, లేయెండయు నీడయు రెండును గల చోట విడువవలెను. సాయంకాలమున తడిపి రాత్రి చలిలో విడుచుట ఎన్నడును కూడదు.

సబ్బు, నూనె, పసుపు, రంగులు వాడరాదు. డిప్ప రాతివలె కనబడినను అది ప్రాణములేని పెంకు కాదు. పైన గోరువంటి పొరయు, దాని క్రింద సజీవమైన ఎముకయు నున్నవి; వెన్నెముకయు ప్రక్కటెముకలును అందు కలిసిపోయియున్నవి. దానిని తాకినను తాబేలునకు తెలియును. మన్ను అంటియున్నచో మెత్తని కుంచెతో వట్టినీటితోనే మెల్లగా రాయవచ్చును. నీటిలో తాబేలు మలమూత్రములను విడుచుట సహజము. అట్లయిన వెంటనే నీరు మార్చవలెను, ఏలయన ఆ నీటినే అది త్రాగును.

ఎప్పుడైనను తాబేలు నీటమునిగి కదలక యుండెనేని వెంటనే చచ్చినదని తలపరాదు. ఈ జంతువులు గాలిలేక మనకంటె చాలసేపు బ్రదుకగలవు. తల క్రిందికి వాలునట్లు పట్టుకొని, మెడను మెల్లగా చాపి, ముందరి కాళ్లను లోపలికిని బయటికిని ఆడించుచుండిన, ఊపిరితిత్తులలోని నీరు నోటివెంట కారును. వెల్లకిల వేయరాదు. కదలిక వచ్చినను రాకున్నను పశువైద్యునియొద్దకు తీసికొని పోవలెను. బ్రదికినదానికిని తరువాత ఊపిరితిత్తుల వాపు రావచ్చును. ఆ తెల్లవారుజామున మాలో నెవ్వరికిని ఈ యుపాయము తెలియదు. తెలిసియున్నచో చింతచెట్టు క్రింద గుంట త్రవ్వక ముందు మరియొక ప్రయత్నము చేసియుందుము.

జంతువును కాపాడుట యెంత ముఖ్యమో మనలను మనము కాపాడుకొనుటయు నంత ముఖ్యము. ఆరోగ్యముగా కనబడు తాబేళ్ల దేహమునందును సాల్మొనెల్లా యను సూక్ష్మజీవులుండును. ఇవి మనుష్యులకు జ్వరము, వాంతులు, విరేచనములు కలిగించును. పసిపిల్లలకు మరింత ప్రమాదకరములు. చిన్న తాబేళ్లను ఆటవస్తువులవలె పెంచుటచే పిల్లలు జబ్బుపడుచుండగా, అమెరికా ప్రభుత్వము 1975లో నాలుగంగుళములకంటె చిన్న డిప్పగల తాబేళ్ల అమ్మకమును నిషేధించెను. కావున తాబేలును తాకిన తరువాత సబ్బుతో చేతులు కడుగుకొనక అన్నము ముట్టరాదు. స్నానపు నీటిని వంటయింటి తూములో పోయరాదు. సబ్బు వలసినది తాబేలునకు కాదు, దానిని ముట్టిన చేతికి.

ప్రేమయు భక్తియు తెలివితో కూడియుండవలెనని చూపు ఉదాహరణము మరియొకటి కలదు. నాగులచవితినాడు పాములవాండ్రు తెచ్చిన పాములపై కొందరు పాలు పోసి, పసుపు కుంకుమలు చల్లుదురు. పాము పాలు త్రాగు జంతువు కాదు. చాల దినములు నీరియ్యక దప్పికతో నుంచినచో ఏ ద్రవమునైనను మ్రింగును. దాని దేహమునకు పాలు సరిపడవు. పాలు, పొడులు దాని ముక్కులోను నోటిలోను చేరి బాధించును. పూజించువారి మనస్సును మేము కించపరచుట లేదు. శ్రీకాకుళము జిల్లా శ్రీకూర్మ క్షేత్రమున నక్షత్రపు తాబేళ్లను కూర్మనాథుని రూపములని గౌరవించి ఆలయావరణముననే పోషించుచున్నారు. గౌరవము మంచిదే. అయితే ఆ జీవికి ఏది హితమో తెలిసికొనుట ఆ గౌరవమునందు భాగమే కావలెను.

ఇక చట్టము మాట. మన దేశపు తాబేళ్లను, ఉడుములను, పాములను ఇంట పెంచుట 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నేరము. 2022లో ఆ చట్టము సవరింపబడినప్పుడు నక్షత్రపు తాబేలు మొదటి షెడ్యూలున చేర్చబడెను. దానికి మూడేండ్ల క్రితమే, అనగా 2019లో, అంతర్జాతీయ వర్తకమును అదుపుచేయు సైటీస్ ఒడంబడికయందును దీనికి అత్యున్నత రక్షణ లభించెను. ఇంత కట్టుదిట్టమేలయనగా, దీని యందమే దీనికి శత్రువైనది. ఒకే యొక వర్తకస్థానమునుండి ఏడాదిలో కనీసము 55,000 నక్షత్రపు తాబేళ్లు అక్రమముగా తరలిపోయినట్లు 2015లో ప్రకటింపబడిన పరిశోధన యొకటి తెల్పుచున్నది. పల్లెలలో పిల్లలచేతను, కాపరులచేతను కొలది రూకలకు కొనబడిన ఈ జీవులు మూటలలో కుక్కబడి సముద్రములు దాటుచున్నవి. “ఒక్కటే గదా” యని మనము ఇంటికి తెచ్చునదియు ఆ లెక్కలో చేరునదే.

పట్టణములలో అంగళ్లయందు ఎఱ్ఱచెవి తాబేలని యొక విదేశపు నీటితాబేలు అమ్మబడుచుండును. దానిని కొనినవారు అది పెద్దదైన తరువాత విసుగుచెంది చెరువులో విడుతురు. అది మన నీటితాబేళ్ల ఆహారమును, స్థలమును ఆక్రమించును. విసిగి విడువవలసినదానిని ముచ్చటకై కొనకుండుటయే మేలు.

అట్లయిన గుట్టపై తాబేలు కనబడినప్పుడు మనమేమి చేయవలెను? దూరమున నిలిచి చూడవలెను, ముట్టరాదు. రోడ్డు నడుమ బండ్లక్రింద పడునట్లున్నచో, రెండుచేతులతో నేలకు దగ్గరగా, తలక్రిందులు కాకుండ పట్టుకొని, అది పోవుచున్న వైపుననే అవతల గట్టుకు చేర్చవలెను. గాయపడినదైనను, ఎవరైన పట్టి పెంచుచున్నదైనను, పెద్దలచేత అటవీశాఖవారికి తెలియజేయవలెను. పెంచిన తాబేలును మనమే గుట్టపై విడుచుట మంచిది కాదు. దాని జబ్బు అడవి తాబేళ్లకు అంటవచ్చును. పొలములలో కరవునకై త్రవ్వుకొను నీటికుంటలకు ప్లాస్టిక్ పరచినచో అందు పడిన తాబేలు జారుడుగట్టు నెక్కి రాజాలదు. ఒక మూలను రాళ్లు మెట్లుగా పేర్చినను, ముతక గోనెపట్టా నొకదానిని గట్టునుండి నీటిలోనికి వ్రేలాడదీసినను, తాబేలే కాదు, ఉడుతయు, ఉడుమును, కుందేలు పిల్లయు బ్రదుకును. ఇది మన విద్యార్థులలో రైతుబిడ్డలైనవారు తమ తండ్రులతో కలిసి ఒక పూటలో చేయగల పని.

మరుసటి యేడు తొలివాన కురిసిన దినమున ఆ బాలురే మమ్ములను గుట్టకు పిలుచుకొని పోయిరి. నల్లబండపై గుంటలో వాననీరు నిలిచియుండెను. తాబేలొకటి తంగేడు పొదనుండి వచ్చి, ముందరి కాళ్లు నీటిలో నుంచి, తల వంచి, చాలసేపు త్రాగెను. బాలురెవ్వరును ముందుకు పోలేదు. ఒకనినొకడు మాటలాడవద్దని సైగ చేసికొనిరి. కడుపార త్రాగి అది తన దారిని పోయెను. బండగుంటలో నీటిలోతు రెండు వ్రేళ్లకు మించలేదు. ఇంత నేర్చుకొనుటకు మేము ఒక ప్రాణమును వెచ్చించితిమి. మా చదువరులు ఏమియు వెచ్చింపక నేర్చుకొందురుగాక.